న్యాసాలాండులో తమ్ముడి తరపు మనిషి

కాశీ వెళ్ళివచ్చిన మా ఊరి పెద్దమనిషికి ముమ్మిడివరం గ్రంథాలయంలో సభ పెట్టి పూలదండ వేశారు. నేను ఆఫ్రికా ఖండం వెళ్ళివచ్చి ఎనిమిది నెలలైంది. సభ మాట అటుంచి, అరుగు మీద కూర్చోబెట్టి "ఎలా ఉందండీ ఆ దేశం?" అని అడిగినవాళ్ళు లేరు. సంతలో ఎదురుపడ్డవాళ్ళు అడిగింది ఒక్కటే: "అక్కడ మనుషుల్ని మనుషులు తింటారంట కదండీ, నిజవేనా?" అలా అడిగినవాళ్ళు ఇప్పటికి పదకొండుమంది. వాళ్ళెవరో నాకు గుర్తుంది. అడగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను అర్జీలు రాసే మనిషిని. మా చేనుకు నీళ్ళు వచ్చే బోదెకు ఎగువ రైతు అడ్డుకట్ట వేసి పద్నాలుగేళ్ళయింది. తాలూకా కచేరీ నుంచి మద్రాసు దాకా నా చేతిరాత తెలియని గుమస్తా లేడు. ఒక్కడూ నా మాట పూర్తిగా వినలేదు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, వినే మనుషుల్ని నేను మొట్టమొదట చూసింది ఈ ప్రయాణంలోనే.

నా తమ్ముడు సత్యం, నేను వయసులో ఉండగా రంగూన్ వెళ్ళాం. ధాన్యం మిల్లులో రెండేళ్ళు పనిచేసి నాలుగు హిందూస్తానీ ముక్కలతో నేను తిరిగి వచ్చేశాను. వాడు స్టీమరు ఫిట్టరుగా అక్కడే ఉండిపోయాడు. జపాను బాంబులు పడ్డాక మిలిటరీ వర్క్‌షాపులో చేరాడు. బర్మా యుద్ధానికి ఆఫ్రికా నుంచి కూడా పటాలాలు వచ్చాయి. అందులో న్యాసాలాండు సిపాయి ఒకడితో స్నేహం కుదిరి, యుద్ధం అయ్యాక వాడి వెంటే వాడి దేశం వెళ్ళిపోయాడు. కోటకోట అనే రేవు ఊళ్ళో ఒక గుజరాతీ సేఠు మరపడవలు బాగుచేసే పనిలో కుదిరాడు. మా నాన్న పోతే రాలేదు. ఏడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

ఆరేళ్ళకు ఒక ఉత్తరం వచ్చింది, ఓడ టిక్కెట్టుతో సహా. అందులో ఇలా ఉంది: "అన్నయ్యా, నాకు ఇక్కడ పెళ్ళయింది. అమ్మాయి పేరు ఎస్నాతి. ఇప్పుడు నాలుగో నెల. పెళ్ళిలో నా తరపున నిలబడ్డ స్నేహితుడు జోహాన్నెస్‌బర్గు గనులకు పోయి రెండేళ్ళయింది, అయిపూ ఆచూకీ లేదు. నా తరపు మనిషి లేకపోతే పెళ్ళే లేదంటున్నారు వీళ్ళు. ఇక్కడ ఆషాఢంలో వచ్చే చలికాలం దాటేలోగా నా రక్తసంబంధీకుడు ఎవరూ రాకపోతే నన్ను ఊళ్ళోంచి పంపేస్తారు. బిడ్డ వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. నువ్వొచ్చి మాట్లాడాలి."

మాట్లాడమన్నాడు. సరే, మాట్లాడతాను అనుకున్నాను. వాడి గురించి మాట్లాడడానికి నా దగ్గర చాలా ఉంది. అదంతా వాడి ముఖం మీద చెప్పేసి, రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేయాలని నా ఉద్దేశం. ఆ పెళ్ళి ఏమవుతుందో నేను ఆలోచించలేదు. అయినవిల్లి వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి రోహిణి ఎండల్లో బయలుదేరాను.

బైరా రేవు

న్యాసాలాండుకు సముద్రం లేదు. అక్కడికి వెళ్ళాలంటే పక్కనున్న పోర్చుగీసువారి రేవులో దిగి రైలెక్కాలి. దారిలో జాంజిబారు దగ్గర ఓడ ఆగినప్పుడు ఒడ్డంతా కొబ్బరితోటలే. ఎండబెట్టిన కొబ్బరి వాసన గాలిలో వచ్చేసరికి అంబాజీపేటలో ఉన్నానేమో అనిపించింది. ఆ సంతోషం బైరాలో పోయింది. తమ్ముడి పెరట్లో వేయిద్దామని మొలకెత్తిన కొబ్బరికాయలు రెండు గోనెగుడ్డలో చుట్టి, మూడు వారాలు పిల్లల్ని సాకినట్టు తడుపుతూ తెచ్చాను. రేవు అధికారి ఒకాయన వాటిని విప్పి చూసి, ముక్కు చిట్లించి, నా కళ్ళముందే నీళ్ళలోకి విసిరేశాడు. పేరు అడిగాను. వీపు చూపించాడు. ఆ వీపును ఇప్పుడు చూసినా గుర్తుపడతాను.

జాంబేజి మీద

రైలులో నా కిటికీ పక్క సీటు ఒక దొరకు ఇచ్చేశారు. ఆ రెండో తరగతి నాకు వద్దని చెప్పి మూడో తరగతి పెట్టెలోకి వెళ్ళి కూర్చున్నాను. ఈ నిరసన వల్ల ఎవరికీ నష్టం కలగలేదు, నాకు మాత్రం లాభం కలిగింది. పెట్టె నిండా గనుల నుంచి ఇళ్ళకు పోతున్న మనుషులు, కోళ్ళ గంపలు, కొత్త సూట్‌కేసులు, పాటలు. నేను రాగానే అందరూ సర్దుకుని అరచేతులు మెల్లగా చరిచారు. అది వాళ్ళ దండం. పలకరించినా, ఏదైనా అందుకున్నా, అరచేతులు చరుస్తారు. మనం చేతులు జోడించి ఆపేస్తాం. వాళ్ళు అక్కడితో ఆపకుండా చప్పుడు కూడా చేస్తారు.

జాంబేజి వంతెన వచ్చింది. రాజమండ్రి గోదావరి వంతెన కంటే పొడుగైనది ఈ భూమ్మీద ఉంటుందని నేను ఒప్పుకోను. కిటికీలోంచి స్తంభాలు లెక్కపెట్టడం మొదలెట్టాను. లెక్క తప్పింది, నది అవలేదు. మళ్ళీ మొదలెట్టాను, మళ్ళీ తప్పింది. ఇసుక తిన్నెల మీద మొసళ్ళు పడవల్లా పడి ఉన్నాయి. వంతెన దాటేదాకా వేళ్ళు మడుస్తూనే ఉన్నాను. ఈ సంగతి రాజమండ్రి వాళ్ళకు చెప్పవలసిన అవసరం లేదు.

ఎదుట కూర్చున్నాయన పేరు లాసన్. బర్మాలో యుద్ధం చేసి, గాయపడి, రాంచీ ఆసుపత్రిలో ఉండి హిందూస్తానీ నేర్చుకున్నాడు. నా ఊరు అడగలేదు, పేరు అడగలేదు. మొదటి ప్రశ్నే ఇది: "మీ అమ్మ తమ్ముడు ఎవరు?"

"పోయాడు."

"అయ్యో. మరి నీ తరపున ఎవరు మాట్లాడతారు?"

"నా తరపున నేనే మాట్లాడుకుంటాను."

ఆయన అది తన భాషలో పెట్టెలో అందరికీ చెప్పాడు. పెట్టె పెట్టంతా పగలబడి నవ్వింది. ఒక ముసలామె కళ్ళు తుడుచుకుంది.

"తన గురించి తానే మాట్లాడితే ఎవడు నమ్ముతాడయ్యా?" అన్నాడు లాసన్. "మా దగ్గర పెళ్ళికొడుకు నోరెత్తడు, పెళ్ళికూతురు నోరెత్తదు. అటు ఒక అంఖోస్వే, ఇటు ఒక అంఖోస్వే. అంఖోస్వే అంటే తరపు మనిషి, మామూలుగా మేనమామ. పెళ్ళి వాళ్ళిద్దరి మధ్యే జరుగుతుంది. తగువొస్తే వాళ్ళ దగ్గరికే పోవాలి. అంఖోస్వే లేని పెళ్ళిని మేం పెళ్ళనం."

నేను వెళుతున్న పనేమిటో చెప్పాను. ఆయన నవ్వు ఆపేసి నన్ను కొత్తగా చూశాడు. "అయితే నువ్వు చాలా పెద్దవాడివి" అన్నాడు. నన్ను అలా ఎవరూ అనగా వినలేదు.

ఆ దేశం ఎలా ఉంటుందో మోకాలి మీద వేలితో గీసి చూపించాడు. సన్నగా, పొడుగ్గా, ములక్కాడలా ఉంటుందట. తూర్పున ఆ పొడుగంతా ఒకే సరస్సు. మిగిలింది కొండలు. "దున్నుకోవడానికి ఉన్నది కాస్తే. అదే మా గొడవ" అన్నాడు. పెట్టెలో ఉన్నవాళ్ళను మీరెవరని అడిగితే ఒకాయన యావో అన్నాడు, ఒకాయన న్గోని, ముసలామె చేవా, అన్నీ తెగల పేర్లు. మా ఊళ్ళో కులం అడిగినట్టే ఉంది వ్యవహారం అనుకున్నాను. అంతలో ఎవరో "చితగాన్య" అన్నారు. తెల్లవాళ్ళ చేతిలో ఉన్న దక్షిణ రొడీషియాతో ఈ దేశాన్ని కలిపేసి, దాని రాజధాని సాలిస్బరీ నుంచి ఏలాలని ఆ ఏడే కాయితాలు తయారయ్యాయి. ఆ కలపడానికే ఆ పేరు. ఆ మాట వినపడగానే పాటలు ఆగిపోయాయి. యావో, న్గోని, చేవా అని వేరువేరుగా చెప్పుకున్నవాళ్ళే, ఇప్పుడు మీరెవరంటే "న్యాసాలం" అన్నారు, ఒకే గొంతుతో.

"మీకూ మద్రాసుకూ ఏదో తగువంట కదా, రాంచీలో ఒక మద్రాసీ నర్సు చెప్పేది" అన్నాడు లాసన్.

చెప్పాను. మమ్మల్ని విడదీయండని మేం అర్జీలు పెట్టుకుంటున్నాం, మమ్మల్ని కలపకండని వాళ్ళు పెట్టుకుంటున్నారు. రెండు అర్జీలూ లండను, ఢిల్లీ అంటూ పోయి ఏ సొరుగులో పడతాయో తెలియదు. ఒక మనిషి ఫిర్యాదు చేస్తే పిచ్చివాడంటారు. ఒక దేశం దేశమంతా ఫిర్యాదీ అయితే ఎలా ఉంటుందో ఆ పెట్టెలో కూర్చుని చూశాను. నాకు గొప్ప ధైర్యం వచ్చింది.

గుట్టల మీద చలి

ఆఫ్రికాకు రగ్గు ఎందుకండీ, ఎండకు మాడిపోతారు అని అమలాపురం బట్టల కొట్టాయన చెప్పాడు. బ్లాంటైరు గుట్టల మీద జ్యేష్ఠమాసం చివర నేను పళ్ళు కొరుక్కుంటూ ఆయన్ను తలుచుకున్నాను. ఆ నెలలు వాళ్ళకు చలికాలం. తెల్లారితే గడ్డి మీద మంచు, కొండల నడుం దాకా మబ్బు. దూరాన ములాంజె అనే కొండ ఒకటి ఉంది. అది కొండలా కనపడదు, ఆకాశాన్ని అడ్డంగా కట్టిన గోడలా కనపడుతుంది. మట్టానికి పుట్టి మట్టానికి పెరిగినవాణ్ణి. మా వైపు ఎత్తయినది ఏదంటే కాలువ గట్టు. ఆ గోడ ముందు నిలబడి చాలాసేపు తల దించలేకపోయాను.

అక్కడ రొట్టె కొందామని ఒక దొరల దుకాణానికి వెళ్ళాను. దొరలు లోపలికి వెళుతున్నారు. నల్లవాళ్ళు పక్క గోడకున్న చిన్న కంతలోంచి చేయి పెట్టి కొనుక్కుంటున్నారు. నేను ఏ దారినో తెలియక గుమ్మంలో నిలబడ్డాను. లోపలి మనిషి చేయి ఊపి, మీకు మీ ఇండియా దుకాణాలున్నాయి పొమ్మన్నాడు. ఫిర్యాదు పుస్తకం ఇమ్మన్నాను. లేదన్నాడు. అయితే తెప్పించేదాకా ఉంటానన్నాను. అరగంట నిలబడ్డాను. ఆఖరికి కంత దగ్గరి వరసలోవాళ్ళే జరిగి చోటిచ్చి, తమ ముందు నిలబెట్టి, అరచేతులు చరిచారు.

అరటిపళ్ళు మాత్రం చవక. మూడు పెన్నీలకు, అంటే మన రెండున్నర అణాలకు, చేతినిండా అత్తం ఇచ్చారు. మా చక్రకేళీ రుచి రాదు. అలాగని బాగోలేదనీ అనలేను.

ఉప్పులేని సముద్రం

రైలు గుట్టలు దిగి చివరి స్టేషనులో ఆగింది. అక్కడినుంచి స్టీమరు. రేవులో దిగి తలెత్తాను.

అలలు ఒడ్డుకొచ్చి విరుగుతున్నాయి. అవతలి ఒడ్డు లేదు. ఇసుక, వలలు, ఒక్క దుంగ తొలిచి చేసిన దోనెలు, ఎండబెట్టిన చిన్న చేపల వాసన. అంతర్వేది దగ్గర గోదావరి సముద్రంలో కలవడం చూస్తూ పెరిగాను కాబట్టి నాకు తెలియని నీళ్ళు లేవనుకునేవాణ్ణి. వంగి దోసిలితో తీసుకుని నోట్లో పోసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. మళ్ళీ తాగాను. ఇంత నీరు ఉప్పు కాకుండా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు. పద్నాలుగేళ్ళుగా బోదెడు నీళ్ళ కోసం పోట్లాడుతున్నవాణ్ణి. అక్కడ మోకాళ్ళ లోతులో పంచె తడుపుకుని నిలబడిపోయాను. స్టీమరు వాళ్ళు కేకేస్తే గాని కదలలేదు.

మధ్యాహ్నం నీటి మీద దూరంగా నల్లని పొగ స్తంభాలు లేచాయి. ఓడ తగలబడుతోందని కేకలు వేశాను. పక్కనున్న ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. అవి పురుగులు. కోట్లాది చిన్న ఈగలు నీటిలోంచి పుట్టి పొగలా తిరుగుతూ ఆకాశానికి లేస్తాయి. గాలి ఒడ్డుకు తోస్తే గంపలతో పట్టి, ముద్ద చేసి, ఎండబెట్టి కూరలో వేసుకుంటారు. ఆవిడ ముక్క తుంచి ఇచ్చింది. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాను. మన మెత్తళ్ళ పొడిలా ఉంది. ఇంకో ముక్క అడిగాను.

కోటకోట

సత్యం రేవులో నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు, జుట్టు నెరిసింది. కాళ్ళకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. మాట్లాడలేదు. ఆరేళ్ళు జవాబు లేకుండా ఉన్నవాడు ఇంకో గంట ఉండగలడు.

ఒడ్డు వెంట గంట నడిస్తే వాళ్ళ ఊరు. దారిలో వరిచేలు! ఆఫ్రికాలో వరి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. గట్లు సరిగా వేయలేదు, ఆ సంగతి వాళ్ళకు చెప్పాను. గడ్డికప్పు ఇంటి ముందు ఒక నల్లని పిల్ల, నిండు గర్భిణి, నన్ను చూసి మోకాళ్ళ మీద కూర్చుని అరచేతులు చరిచి అంది: "బాగున్నారాండీ బావగారూ? పెయాణం బాగా జరిగిందాండీ?"

మా ఊరి యాస. గొంతు కూడా మా వీధి గొంతే.

"ఎవరు నేర్పారమ్మా?"

"ఆయ్, ఈయనేనండీ. మీరొస్తారని."

"వస్తానని ఎవరు చెప్పారు?"

"రెండేళ్ళ నుంచీ చెబుతున్నారండీ."

భోజనానికి న్సిమా పెట్టింది. మొక్కజొన్న పిండిని గట్టిగా ఉడికించిన ముద్ద. మనలాగే కుడిచేత్తో తుంచి, నలిపి, కూరలో ముంచుకోవాలి. వేరుశెనగ పొడి వేసిన ఆకుకూర, చాంబో అనే సరస్సు చేప. పులస ముందు ఏ చేపా నిలబడదని నేను పందెం కాసిన రోజులున్నాయి. ఇప్పుడు ఆ పందెం కాయను.

అక్కడ పెళ్ళయినవాడు భార్య ఊరికి వెళ్ళి ఉండాలి. భూమి ఆడవాళ్ళది, మాట వాళ్ళ మేనమామది. మా వైపు ఇల్లరికపుటల్లుడంటే పాలేరు కూడా చులకనగా చూస్తాడు. అక్కడ అల్లుళ్ళందరూ ఇల్లరికమే, చులకన చేయడానికి ఇంకొకడు మిగల్లేదు. కాని పొమ్మంటే కట్టుబట్టలతో పోవలసిందే.

ఎస్నాతి మేనమామ ఫిరి సాయంత్రం వచ్చాడు. పాత మిలిటరీ కోటు, గడ్డి టోపీ, తొందర లేని మనిషి. "ఈ ఏడు మా నేల మీదకు ఎవరెవరో వస్తున్నారు" అన్నాడు, సత్యం తెలుగు చేస్తుండగా. "ప్రతివాడూ మంచివాణ్ణనే అంటాడు. వాడి వెనక ఎవరున్నారో మేం చూడాలి. వెనక ఎవరూ లేనివాణ్ణి ఈ ఏడు ఉంచలేం. రేపు బ్వాలోకి రండి." బ్వాలో అంటే ఊరి తగువులు తీర్చే బయలు. పోతూ పోతూ, సంబంధం ఖాయమయ్యాక ఇచ్చుకోవడానికి మగపెళ్ళివారి తరపున ఒక కోడిపుంజు సిద్ధం చేసుకోమన్నాడు.

కోడిపుంజు అన్నాక ఎంచడం నాకు వదిలేయాలి. ఊరంతా తిరిగి ప్రతి పుంజునూ పట్టి, కాళ్ళు చూసి, మెడ నిమిరి, కన్ను చూసి, ఎర్రని డేగ పుంజు ఒకటి పట్టుకొచ్చాను. కోనసీమలో అలాంటి పుంజు బరిలో దిగితే జనం లేచి నిలబడతారు.

బ్వాలో

పెద్ద పెద్ద మామిడి చెట్ల నీడలో ఊరంతా చాపల మీద కూర్చుంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఆడవాళ్ళలో ముందు వరసలో ఎస్నాతి. మధ్యలో నేను. నా పక్కన సత్యం. ఎస్నాతి తెలుగు పలకరింపులు దాటదనుకున్నాను కాబట్టి, ఆ ఊళ్ళో నా మాటలు వాళ్ళకూ వాళ్ళ మాటలు నాకూ చెప్పగలవాడు వాడొక్కడే.

ఫిరి ఏదో అడిగాడు. సత్యం గొంతు సవరించుకున్నాడు. "నా మీద నీకేవైనా కోపం ఉందా అని అడుగుతున్నాడు అన్నయ్యా. ఉంటే ముందు అది చెప్పాలంట. కడుపులో మాట దాచుకున్నోడు తరపు మనిషి కాకూడదంట."

"ఎంతసేపు చెప్పొచ్చో అడుగు."

అడిగాడు. ఫిరి ఎండ వైపు చూసి ఒక మాట అన్నాడు. అందరూ నవ్వారు. "పొద్దున్నే కదా మొదలెట్టేం, తొందరేవుంది అంటున్నాడు."

ఏ కచేరీలోనూ నన్ను రెండో వాక్యం దాటనివ్వలేదు. ఇక్కడ నిలబడి మొదటినుంచీ మొదలెట్టాను. వాడు నా పలక పగలగొట్టడం. నా పెళ్ళిలో అలిగి భోజనానికి రాకపోవడం. రంగూన్‌లో నాకు చెప్పకుండా బస మార్చడం. ఒక్కో సంగతి నేను చెబుతుంటే వాడి మీద ఫిర్యాదును వాడే వాళ్ళ భాషలో వాళ్ళకు చెబుతున్నాడు. ప్రతిదానికీ జనం "ఏ..." అని గొంతులో మూలిగి, విన్నాం అన్నట్టు అరచేతులు చరుస్తున్నారు. ఒకచోట నాకు అనుమానం వచ్చింది.

"తగ్గించి చెబుతున్నావా?"

"లేదన్నయ్యా. పలక సంగతి నువ్వు చెప్పిందానికన్నా ఎక్కువే చెప్పేను. కావాలనే పగలగొట్టేనని."

నాన్న సంగతికి వచ్చాను. ఆఖరి పదిరోజులు కాలువలో లాంచి కూత వినపడ్డప్పుడల్లా "సత్యం వచ్చేడా?" అని అడిగేవాడు. మొదట్లో లేదన్నాను. తరవాత వస్తున్నాడని అబద్ధం చెప్పాను. ఆఖరి రోజు, వచ్చాడు, కాళ్ళు కడుక్కుంటున్నాడు అని చెప్పాను. నాన్న గుమ్మం వైపు చూస్తూనే పోయాడు.

సత్యం దీన్ని చెప్పడానికి చాలాసేపు పట్టింది. జనం చప్పట్లు చరచలేదు. తలలు వంచుకున్నారు.

"ఏడు ఉత్తరాలు రాశాను" అని ముగించాను. "ఒక్కదానికీ జవాబు లేదు."

ఫిరి ఆ ఉత్తరాలు ఉన్నాయా అని అడిగాడు. సత్యం ఇంటికి వెళ్ళి రేకుపెట్టె తెచ్చాడు. ఏడూ ఉన్నాయి. ఒకటి విప్పి ఉంది. ఆరు విప్పనే లేదు. విప్పినదాన్ని నా చేతికిచ్చి చదవమన్నాడు ఫిరి. నా చేతిరాతే. నేనే రాసిన వాక్యాలు నా గొంతుతో చదివాను: "చితికి నేనొక్కణ్ణే నిప్పు పెట్టాను. ఈ రోజుతో నాకు తమ్ముడు లేడు. నువ్వు నాకు ఏమీ కావు."

నాకు జరిగిన అవమానాలన్నీ నాకు గుర్తే. ఈ వాక్యం రాసిన సంగతి మాత్రం గుర్తులేదు.

"మిగతావాటిలో కూడా అదే ఉంటుందని విప్పలేదు అన్నయ్యా" అన్నాడు సత్యం.

మిగతా ఆరింటిలో ఇంటికి రమ్మని రాశాను.

ఫిరి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "తమ్ముడు లేడని రాసినవాడు తమ్ముడి తరపున ఎలా నిలబడతాడు? ఆ మాట ఇక్కడ అందరి ముందూ వెనక్కి తీసుకుంటే నిలబడవచ్చు. లేకపోతే నువ్వు వచ్చినట్టు కాదు. ఇతని తరపున ఎవరూ రాలేదు."

నేను పెట్టిన అర్జీ ఒక్కటీ వెనక్కి తీసుకున్నవాణ్ణి కాను. తహసీలుదారు స్వయంగా అడిగినా తీసుకోలేదు. ఊరంతా నన్ను చూస్తోంది. ఎవరూ తొందరపెట్టలేదు. చెట్ల వెనక అలల చప్పుడు వినపడుతోంది. ఎస్నాతి తల వంచుకుని రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. వాణ్ణి తీసుకుపోవడానికే కదా వచ్చాను. నోరు మూసుకుంటే చాలు, వాడు రేపే నాతో స్టీమరెక్కుతాడు. ఆ సంగతి వాడికీ తెలుసు.

"ఆ మాట తప్పు" అన్నాను. "వీడు నా తమ్ముడు."

సత్యం దాన్ని వాళ్ళ భాషలో చెప్పాలి. నోరు తెరిచాడు, మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. అప్పుడు ఎస్నాతి చాప మీద మోకాళ్ళ మీద లేచి, తలెత్తి, ఆ రెండు ముక్కలూ తన భాషలో ఊరికి చెప్పింది. మామిడి చెట్ల కింద అరచేతుల చప్పుడు వానలా మొదలై చాలాసేపు ఆగలేదు.

పుంజు, పెట్ట

ఇక రెండు పక్షాలూ కోళ్ళు మార్చుకోవాలి. ఫిరి తెల్లని పెట్టను చంకలో పెట్టుకుని వచ్చాడు. నేను నా డేగను రెండు చేతులా అందించాను. ఆయన చేతికి వెళ్ళగానే అది మెడ ఈకలు నిక్కబొడిచి, ఎగిరి ఆయన టోపీని తన్ని, పెట్టను వదిలేసి ఊరి పుంజులన్నిటి మీదకూ పడింది. మగవాళ్ళు చెట్టెక్కారు. నలుగురు వెంటపడితే గాని దొరకలేదు.

ఫిరి టోపీ దులుపుకుని, రొప్పుతూ ఏదో అన్నాడు. ఊరంతా చాపల మీద దొర్లి నవ్వింది.

"ఏవన్నాడురా?"

"పెళ్ళికి కోడిని తెమ్మంటే తగువుకొచ్చే కోడిని తెచ్చేడు, మనిషిని చూసినప్పుడే అనుకున్నాను అన్నాడన్నయ్యా."

నాకు కోపం రావలసింది. ఎందుకో రాలేదు.

తరవాత ఆయన నా చేయి పట్టుకుని నా పని వివరించాడు. వీళ్ళిద్దరిలో ఎవరికి ఏ బాధ కలిగినా ముందు నాకు చెప్పుకోవాలి. నేను వినాలి. దూరం అనడానికి లేదు, కాయితం రాస్తారు. మధ్యలో ఆపకూడదు, ఒక పక్షమే వినకూడదు. ఇది వాళ్ళు బతికినంతకాలం. గనులకు పోయిన స్నేహితుడిలా మాయమైపోనని మాట ఇవ్వమన్నాడు. ఇచ్చాను.

వెళ్ళే రోజు

తొమ్మిది రోజులున్నాను. వరిగట్లు రెండు సరిచేశాను. స్టీమరు వచ్చే ఉదయం సత్యం నా పెట్టె తలమీద పెట్టుకుని ముందు నడిచాడు. స్టీమరు లోతులో నిలిచింది, దోనెలు జనాన్ని చేరవేస్తున్నాయి. మళ్ళీ అది వచ్చేది రెండు వారాలకు.

ఎస్నాతి ఇసుకలో నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, నా ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు చరిచింది.

"బావగారండీ, ఒక తగువు ఉందండీ."

"ఎవరి మీదమ్మా?"

"ఈయన మీదేనండీ. కోపవొస్తే మాటాడరండీ. మూడేసి రోజులు. నేనేం చేసేనో చెప్పరు, గోడకేసి చూస్తారు. మీ వైపు అందరూ ఇలాగేనాండీ?"

స్టీమరు కూత వేసింది. ఆఖరి దోనె కదలడానికి సిద్ధంగా ఉంది. సత్యం పెట్టె కింద పెట్టాడు. "అన్నయ్యా, పడవ వెళ్ళిపోద్ది. దీనికిదే పని, తర్వాత నేను చూసుకుంటాను."

"నువ్వూరుకో" అన్నాను. "నీ మాట నీ వంతు వచ్చినప్పుడు వింటాను."

దోనె వాళ్ళకు పొమ్మని చేయి ఊపాను. బోర్లించిన పాత పడవ ఒకటి నీడన ఉంటే దాని పక్కన ఇసుక మీద మఠం వేసుకుని కూర్చున్నాను.

"మొదటినుంచీ చెప్పమ్మా."

ఆమె కూడా కాళ్ళు చాపుకుని, నడుం సర్దుకుని, తీరిగ్గా మొదలుపెట్టింది.